బూందీ పసిగట్టింది

అది ఐడా తుఫాను వరదకి పార్సిప్పనీ ఊళ్ళో ఇళ్ళ బేస్‌మెంట్లు మునిగిన ఏడు. తడిసిన అట్టపెట్టెలు పైకి మోస్తూ ధర్మారావు మెట్ల మధ్యలో కూలబడ్డాడు. ఛాతీ పట్టుకున్నాడు.

“గ్యాస్,” అన్నాడు.

“గ్యాస్‌కి ఎడం చెయ్యి లాగుతుందాండీ? డాక్టర్‌కి చూపిద్దాం,” అంది భార్య ఛాయాదేవి.

“వాళ్ళ దగ్గరికెళ్తే లేని రోగం అంటగడతారు. కాస్త వాము తే.”

ఇంజనీరుగా రిటైరైన మనిషి. డాక్టర్ని నమ్మడు, పెళ్ళాన్ని నమ్మడు. పిల్లిని మాత్రం నమ్ముతాడు. ఎంత పనిమీద బయల్దేరినా సరే, పిల్లి ఎదురైతే కారు వెనక్కి తిప్పుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని గాని కదలడు.

నొప్పి మళ్ళీ వచ్చింది. ఛాయాదేవి ఏడ్చింది. కూతురు స్మృతి కాలిఫోర్నియా నుంచి ఫోన్‌లో అరిచింది. ఆయన వాము నమిలాడు.

అప్పుడు మారింది బూందీ. స్మృతి వదిలి వెళ్ళిన పిల్లి అది. ఆయన వంక ఏనాడూ కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఉన్నట్టుండి వెంట పడింది. సోఫాలో కూర్చుంటే చాలు, గుండెల మీదికెక్కి, మెడ దగ్గర మూతి దూర్చి, అదే పనిగా వాసన చూసేది. దింపితే మళ్ళీ ఎక్కేది.

మొదట మురిసిపోయాడు.

“చూశావా? ఇన్నాళ్ళకి దీనికి మనిషి విలువ తెలిసింది.”

“ఎవరో ఒకరికి తెలియాలిగా,” అంది ఛాయాదేవి, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిస్తూ.

కొన్నాళ్ళకి మురిపెం పోయి గుబులు పట్టుకుంది.

“ఏమైందే దీనికి?”

“నాకేం తెలుసు? ఫోన్‌లో చూసుకోండి.”

చూశాడు. పిల్లి తీరు హఠాత్తుగా మారితే దానికి జబ్బైనా అయ్యుండాలి, ఇంట్లో మనిషికైనా అయ్యుండాలి, కొన్ని పిల్లులు వాసన పట్టేస్తాయి అని ఎవరో రాశారు.

“కోవిడ్ వచ్చిపోయాక నాకు కాఫీ వాసనే తెలీదు. దీనికి నా రోగం వాసన తెలుస్తుందిటే?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అయినా ముందు పిల్లినే తీసుకెళ్ళాడు, ఛాయాదేవి చేత కారు నడిపించుకుని, పెంపుడు జంతువుల డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ దాన్ని ఒళ్ళంతా తడిమి చూసింది. అది ఆవిడ చేతుల్లోంచి జారి, ధర్మారావు ఛాతీ మీదికి ఎగబాకింది. ఆవిడ కాస్త దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, ఓ అడుగు వెనక్కి వేసింది.

“పిల్లి బాగానే ఉంది. మీరెలా ఉన్నారు?”

ధర్మారావుకి ముచ్చెమటలు పోశాయి.

“హాస్పిటల్‌కి పోనియ్యవే,” అన్నాడు కారెక్కుతూనే. ఛాయాదేవి కారు అటు తిప్పింది.

గుండె రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టర్.

ఇంటికొచ్చి బూందీని ఒళ్ళోకి తీసుకున్నాడు.

“ఇంతమంది ఉండి ఏం చేశారే మీరు? నోరులేని జీవి, ఇదొక్కటే నన్ను కనిపెట్టుకుంది.”

“అవునండీ. మాకు నోళ్ళుండీ దండగ,” అంది ఛాయాదేవి.

మర్నాడు పొద్దున్నే ధర్మారావు బూందీకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, ఛాయాదేవి ఇన్నాళ్ళూ ఆయన చొక్కా కాలర్లకి రుద్దుతూ వచ్చిన రొయ్యపొట్టు డబ్బాకి మూత బిగించి పై అరలో పెట్టేసింది.