ఫ్రేములో ఇమడని పిల్ల

కళ్ళజోళ్ళే ఫొటోలు తీయడం మొదలయ్యాక మా ఆయన భార్గవ్‌కి లోకమంతా అందంగానే ఉంటోంది. ఫొటోకి పనికిరానిదాన్ని కళ్ళజోడు అప్పటికప్పుడే కత్తిరించి, ఆ ఖాళీని ఆకులతోనో ఆకాశంతోనో పూడ్చేస్తుంది. మా వంటింటి గోడ పెచ్చులూడి ఏడాదైంది. ఆయనకి కనబడితేగా!

ఆదివారం కొంగల చెరువుకి వెళ్ళాం. కట్టమీద అందరూ ఈ బాపతే. మెడలు ఒకే వైపు వంచి, ఒకేసారి "ఆహా" అంటున్నారు.

మా నెత్తిమీది తుమ్మకొమ్మ గూట్లో మూడు పిల్లలున్నాయి. బలిసిన రెండూ కలిసి బక్కదాన్ని పొడుస్తున్నాయి.

"అటొకటి, ఇటొకటి. ఎంత చక్కగా కుదిరాయో చూడు!" అన్నాడాయన.

"మూడున్నాయండీ. మూడోదాన్ని చంపేస్తున్నాయి."

"రెండే. కళ్ళజోడు కంటే నీకు బాగా తెలుసా?"

ఆ మాట పూర్తికాకముందే బక్కది ఆయన బూటు పక్కనే పడింది. నెత్తురోడుతూ నోరు తెరిచింది. ఇంకా మంచి కోణం కోసం ఆయన సరిగ్గా దానిమీదకే కాలు ఎత్తాడు. నేను వంగి పిల్లని లాక్కుని గుండెకి ఆనించుకున్నాను. చీరంతా నెత్తురూ రెట్టా అయింది.

ఆయన నావైపే తిరిగి నాలోంచి చెరువుని చూశాడు.

"హిమబిందూ! ఎక్కడికెళ్ళావ్?"

జానెడు దూరంలోనే ఉన్నాను. పిల్లని కొంగులో చుట్టుకున్నాను. ఆయన మళ్ళీ పిలవబోయి ఆగాడు. నేను లేకుండా ఫ్రేము బాగా కుదిరినట్టుంది, ముందు ఒక ఫొటో తీసుకున్నాడు.