కళ్ళు తెరిచాడా?

“కళ్ళు తెరిచాడా అమ్మా?”

పొద్దుటి నుంచి ఆ ముసలమ్మ అడగడం ఇది మూడోసారి.

మహిమ నందిగామ ఆసుపత్రిలో ఐసీయూ తలుపు ఎదుట, బల్ల మీద కూర్చుని నేల చూపులు చూస్తోంది.

లోపల ఆమె భర్త కిషోర్‌బాబు. నిన్న సాయంత్రం కంచికచర్ల నుంచి బండి మీద ఇంటికొస్తుంటే, ఐతవరం దగ్గర మునేరు పొంగి రోడ్డెక్కింది. అందరూ ఆగారు. ఈ మహానుభావుడు ఆగలేదు. బండి కొట్టుకుపోయింది. కొన ఊపిరితో ఉన్న మనిషిని ఫైరు వాళ్ళు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మహిమకు తెలిసింది అంతవరకే.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయట. మధ్యాహ్నం దాకా ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆమె చేతిలో బైబిలు వాక్యం అచ్చేసిన చిన్న కార్డు. కొత్త సంవత్సరం ఆరాధనలో, పళ్ళెంలోంచి కళ్ళు మూసుకుని తీసుకున్న వాగ్దానం. చర్చిలో ప్రతివాళ్ళూ అలా ఒకటి తీసుకుంటారు. ఏడాది పొడుగునా ఆ మాటనే నమ్ముకుంటారు. నీళ్ళు దాటాల్సి వచ్చినా నీ వెంట ఉంటానని మహిమకు దేవుడు మాటిచ్చాడు.

నీళ్ళే! ఇన్ని మాటలుండగా తనకు ఆ మాటే రావాలా? దేవుడు వేళాకోళం ఆడుతున్నాడేమో అనిపించి ఆమెకు కడుపు మండిపోయింది.

ముసలమ్మ మెల్లగా వచ్చి బల్ల చివర కూర్చుంది. తడిసి ఆరిన చీర. కాళ్ళకు చెప్పుల్లేవు. చంకలో నలిగిపోయిన బైబిలు సంచి.

ఆసుపత్రుల చుట్టూ తిరిగే రకం అనుకుంది మహిమ. తెల్లారగానే ఒకావిడ ఇలాగే వచ్చింది. అడక్కుండానే నుదుటికి నూనె రాసి, వరండా దద్దరిల్లేలా ప్రార్థన చేసి, ఆఖర్న కానుక కోసం చెయ్యి చాపింది.

“ఏంటమ్మా ఆ కార్డు?”

“వాగ్దానం. వట్టి కాగితం ముక్క.”

“అంత మాట అనబాకమ్మా. ఆయన మాట తప్పేవాడు కాదు.”

“తప్పకపోతే మా ఆయన లోపలెందుకున్నాడు?” మహిమ గొంతు లేచింది. “నీ కొడుక్కి ఈ గతి పడితే అప్పుడూ ఇట్టాగే నీతులు చెప్తావా?”

ముసలమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమో తల్లీ. పొద్దుట్నించీ నేనూ ఆయన్ని అడగతానే ఉన్నా. జవాబు రాలా. అయినా అడగటం మానలా.”

“నా దగ్గర కానుకలేం లేవు. వెళ్ళు.”

“కానుకా?” ముసలమ్మ తెల్లబోయింది. “ఒక్కసారి ఆ అద్దంలోంచి చూసి పోతా. ఊపిరాడటం చూస్తే చాలు.”

“వాచ్‌మన్! ముందు ఈవిణ్ణి బయటికి పంపించు!”

వాచ్‌మన్ పుల్లయ్య వచ్చి ముసలమ్మ రెక్క పట్టుకున్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. మలుపు దగ్గర ఆగి, ఒక్కసారి ఐసీయూ తలుపు వంక చూసి వెళ్ళిపోయింది.

అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే జరిగింది. దేవుడి మీద కోపం ముసలమ్మ మీద తీరింది. అది మహిమకూ తెలుసు. సిగ్గేసింది కూడా. లేచి వెళ్ళి పిలవాలనుకుంది గానీ, లేస్తే ఈలోగా లోపల ఏం జరుగుతుందోనన్న భయం ఆమెను కదలనివ్వలేదు.

ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. “ఉన్నావా?” అని మాత్రం అడిగింది.

రెండు గంటలకు నర్సు తలుపు తీసింది.

“రండి మేడం. కళ్ళు తెరిచారు.”

మహిమ పరుగున వెళ్ళి భర్త చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆగలేదు. కిషోర్‌బాబు పెదాలు కదిలించాడు.

“అతనేడి?”

“ఎవరండీ?”

“లారీ దిగి నా కోసం దూకాడు. నాకు చెట్టుకొమ్మ అందించి, ‘గట్టిగా పట్టుకో అన్నా, నేనున్నా’ అన్నాడు. అతను ఒడ్డుకొచ్చాడా?”

మహిమ వరండాలోకి పరుగెత్తింది. పుల్లయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“లారీ అతనెవరో మా ఆయన్ని కాపాడాడంట. ఎక్కడున్నాడో ఏమన్నా తెలుసా?”

“జగ్గయ్యపేట డ్రైవరు మేడం. జీవరత్నం.” పుల్లయ్య తల వంచుకున్నాడు. “తెల్లారుజామున కీసర దగ్గర శవం దొరికింది. వెనక మార్చురీలోనే పెట్టారు. ఇప్పుడే అంబులెన్సులో ఇంటికి తీసుకెళ్ళారు.”

మహిమ గేటు వైపు రెండడుగులు వేసింది.

“వాళ్ళవాళ్ళు ఎవరన్నా వచ్చారా? నేను కాళ్ళు పట్టుకోవాలి.”

“నాకూ ఇందాకే తెలిసింది మేడం. నా చేత్తో నేనే బయటికి గెంటానే,” పుల్లయ్య తన చేతుల వంక చూసుకున్నాడు, “ఆ ముసలమ్మే వాళ్ళమ్మ.”