ఆరో గొట్టం

“జిరాక్స్ తాతా! ఒకసారి ఇలా రండి.”

టీమ్ లీడరు పిలుపుకి హాలంతా కిసుక్కుమంది.

తాత కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

ఆ కంపెనీ తయారుచేసేది రోగుల ఒంట్లోకి చుక్క చుక్కగా మందెక్కించే యంత్రం. ఎనిమిది గొట్టాలు. వాటిని నడిపే డ్రైవర్ కోడ్‌లో గొట్టానికి పన్నెండేసి లైన్లు. పైపైన చూస్తే అవే లైన్లు ఎనిమిదిసార్లు రాసిపెట్టాడు తాత. ఆ పేరు అందుకే వచ్చింది.

“ఏ కాలేజీలో నేర్పారండీ ఈ విద్య?”

“కాలేజీ లేదమ్మా. నలభై దాటాక పుస్తకాలు చూసి నేర్చుకున్నా.”

“తెలుస్తూనే ఉంది. చూడండి, ఒక్క మాక్రో రాశా. పన్నెండు లైన్లకి ఒక పేరు. ఎనిమిది చోట్లా ఆ పేరు పిలిస్తే చాలు. మీ చాంతాడు కాస్తా బెత్తెడయింది.”

“బాగుందమ్మా. కానీ ఆరోది మిగతావాటిలా కాదు. వాల్వు మూసుకుందో లేదో అర సెకను ఆగి మళ్లీ చూడాలి. మూసుకోకపోతే మోటారు ఆపెయ్యాలి. అందుకే విప్పి రాశా. మూటకట్టేస్తే ఆ తేడా పోతుంది.”

“ఎందుకు మూసుకోదు?”

“మోటారు వేడికి బిగుసుకుపోతుందమ్మా.”

“గంటసేపు పరీక్ష చేశాం. నిక్షేపంలా ఉంది.”

“గంట చాలదు. ఐదు గంటలు నడవాలి.”

“మీకెవరు చెప్పారు? ఆరోదాని పైన ఈ రాతేంటి? ‘దయచేసి తీసేయవద్దు’ అట, కింద పదిహేనేళ్ల కిందటి తేదీ అట! ఇది కోడా, మీ డైరీనా?”

తాత తెర మీది ఆ తేదీని వేలితో తాకాడు.

“కావాలంటే నన్ను తీసెయ్యండమ్మా. అది మాత్రం ఉంచండి.”

“రెండూ తీసేద్దాం,” అందామె.

హాలంతా పగలబడి నవ్వింది.

శుక్రవారం వీడ్కోలు. ఒకే కార్డుని ఎనిమిది కాపీలు తీయించి తాత చేతిలో పెట్టారు.

తాత ఎనిమిదీ చదివాడు, ఏ ఒక్కదాంట్లోనైనా వేరే మాట ఉంటుందేమోనని.

లేదు.

“వస్తానమ్మా,” అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆరో గొట్టం మూసుకోలేదు. యంత్రం ‘ఆగింది’ అని చూపిస్తూనే మందంతా ఎక్కించేసింది. మొదలుపెట్టిన ఐదు గంటల పది నిమిషాలకి.

నాలుగేళ్ల బాబు.

లీడరు మేనేజరు గదిలోకి పరిగెత్తింది.

“సార్, ఇలాంటిది ఇంతకుముందెప్పుడైనా జరిగిందా?”

మేనేజరు తలెత్తలేదు. బీరువా తాళం బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

అడుగు అరలో ఒక్కటే ఫైలు. కోడ్‌లో ఆమె చెరిపేసిన తేదీయే దాని మీద ఉంది. అదే గొట్టం. ఏడేళ్ల పాప.

ఆఖరి కాగితం అడుగున, ‘పాప తండ్రి’ అన్నచోట ఉన్న సంతకాన్ని ఆమె రెండు నెలల కిందటే చూసింది, నవ్వుతూ తాత చేత రాయించుకున్న రాజీనామా మీద.