చీటీల తాత

దేవుడు మంచిమాట చెప్పించదలచినప్పుడు, వినాలనిపించే మనిషిచేతే ఎందుకు చెప్పించడు? తపాలా గుమాస్తాకు ఈ సందేహం ఆరేళ్లుగా ఉంది.

ఆరేళ్ల క్రితం అక్కకు కళ్లు తిరుగుతున్నాయని చెవి డాక్టరుకు చూపించి, ఆ వీధిలోనే మందుల షాపు దగ్గర వరసలో నిలబడ్డాడు.

బయట బల్లమీద మాసిన చొక్కా ముసలాయన.

"ఎవరికి నాయనా మందులు?"

"మా అక్కకి."

"బీపీ బిళ్లలు వాడుతోందా?"

"వాడితే?"

"చీటీల తాత మొదలెట్టాడు!" ఎవరో అన్నారు.

"ఆ బీపీ మందుల చీటీ ఈ డాక్టరుకి చూపించావా?"

చూపించలేదు. ఒక డాక్టరు ముందు ఇంకో డాక్టరు చీటీ తీస్తే చిన్నబుచ్చుకుంటారని, రెండూ వేర్వేరు కవర్లలో దాచేవాడు.

"రెండు మందులూ కలిస్తే కొందరికి లేవగానే బీపీ పడిపోతుంది. అలాగని నీ అంతట నువ్వు ఏదీ మానిపించకు. రెండు చీటీలూ చూపించి, అడిగి వెయ్యి."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు."

"మరి ఊళ్లోవాళ్ల తలనొప్పులన్నీ నీకెందుకు తాతా?"

వరసంతా నవ్వింది. ముసలాయన తల దించుకున్నాడు.

మూడోనాటి పొద్దున అక్క మంచం దిగింది. నిలబడినంతలోనే కూలిపోయింది. తుంటి విరిగింది.

"ఈ రెండూ కలిపి వాడుతున్నట్టు ఎవరికైనా చెప్పారా?" ఆసుపత్రిలో అడిగారు.

"మా తమ్ముణ్ణేమీ అనకండి. వాడేం చేసినా నా మంచికే" అంది అక్క.

తిట్టినా బాగుండేది.

అక్క మళ్లీ కర్ర లేకుండా నడవలేదు. అతను మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

మొన్న దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే తోచింది, ఇక్కడ చెప్పుకునే క్షమాపణ ఆ మనిషికి ఎలా చేరుతుందని. లేచి ఆ మందుల షాపుకి వెళ్లాడు.

"ఇక్కడ కూర్చునే పెద్దాయన లేరా అమ్మా?"

"పోయి రెండు నెలలైందండీ" అంది కౌంటరులో ఉన్నావిడ. "నేను ఆయన కూతుర్ని. ఏం పని?"

అతను చేతులు జోడించాడు. వరసలో అందరూ వింటుండగానే, ఆరోజు తానన్న మాటా, ఆ తర్వాత జరిగిందీ దాచకుండా చెప్పాడు. క్షమించమన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఈ కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చుంది నాన్నేనండీ, మా అమ్మకి ఆ రెండు రకాల బిళ్లలూ తన చేత్తోనే ఇచ్చి, ఆవిడ అలాగే కూలిపడి ప్రాణం పోయాకే లేచి బయటికెళ్లి కూర్చున్నాడు."