ఫ్యాను కింద చెయ్యి

“చూశారా, నెత్తురు ఎలా ఉరకలేస్తోందో!” తెర మీది ఎర్రటి చెయ్యిని చూపించి ప్రొఫెసరు మురిసిపోయాడు. “లేజరు కాంతి చర్మం మీద చుక్కలుచుక్కలుగా పడుతుంది. లోపల నెత్తురు కదిలితే ఆ చుక్కలు చెదిరి, తెర ఎర్రబడుతుంది.”

తనిఖీకొచ్చిన పెద్దాయన తలూపాడు. “ఎవరిదండీ చెయ్యి?”

“ఆ నల్లగుడ్డ చాటున కూర్చున్న ఎవరో మంచి ఆరోగ్యవంతుడిదండీ!”

పక్కనే ఉన్న పరిశోధక విద్యార్థిని చప్పున నల్లగుడ్డ వైపు చూసింది. కెమెరా సరిచూసుకోడానికి పొద్దున ఆ గుడ్డ చాటున కెమెరా కింద పెట్టిన ప్లాస్టరు చెయ్యిని తను తియ్యనేలేదు. మరి ఈ నెత్తురెక్కడిది? పైన పాత ఫ్యాను గడగడలాడుతోంది. ఆ గాలికి కెమెరా స్టాండు వణుకుతోంది.

ఆమె వెళ్లి స్విచ్చి ఆపింది. ఫ్యాను నిలిచిపోగానే తెర మీద ఎరుపంతా ఇంకిపోయింది.

“ఏం చేశావమ్మా?” ప్రొఫెసరు అరిచాడు.

“ఫ్యాను ఆపాను సార్.” నల్లగుడ్డ లాగేసింది. “మూడేళ్లుగా మనం కొలిచింది, నా థీసిస్ నిండా ఉన్నది, ఈ ఫ్యాను గాలే.”

బొటనవేలు విరిగిన ప్లాస్టరు చెయ్యిని చూసి పెద్దాయన తలెత్తాడు. ప్రొఫెసరు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“ఫ్యాను వెయ్యమ్మా,” అన్నాడు పెద్దాయన. “మీ సారుకీ కాస్త నెత్తురు ఆడుతుంది.”