జతగాడి తనిఖీ

పొద్దున్నే కార్వార్ వెళ్లాలి, సముద్రంలో మునిగి లాబ్‌స్టర్లు పట్టడానికి. రాత్రి తోరణగల్లులోని తన ఇంట్లో పాపన్న ఒక్కడే చేతొడుగులు, టార్చి, వలసంచి వరసగా సర్దుకున్నాడు. చివరికి సరిచూసుకోవడానికి గాలి సిలిండర్ వీపుకు తగిలించుకున్నాడు.

మునిగేముందు జతగాళ్లు ఒకరి సిలిండర్ ఒకరు చూడాలి. అతని జతగాడు గురురాజ్ నిరుడు నీళ్లలోంచి పైకి రాలేదు. అందుకే ఇప్పుడు ప్రశ్నలూ జవాబులూ పాపన్నవే.

"పట్టీలు?"

"బిగించినా."

"గాలి?"

"నిండుగా ఉండాది."

నిరుడూ పాపన్న ఇదే మాట అన్నాడు, గురురాజ్ సిలిండర్ మీటరు చూడకుండానే.

వీధిలో ఆఖరి షిఫ్టు బస్సు వెళ్లిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. అతని వీపు మీది పట్టీని వెనకనుంచి ఎవరో రెండుసార్లు మెల్లగా లాగి చూశారు.

"ఈ తూరన్నా మీటరు చూసినావా అప్పా?"