బోర్లించిన రొట్టె

"ఏడవడం వచ్చా నీకు?" అని అడిగాడు థర్లో.

"అడిగినప్పుడు రాదు దొరా," అంది ముసలామె.

రాజుగారి తరఫున వాంగ్మూలాలు రాసే థర్లో విసుగ్గా కలం కింద పెట్టాడు. మధ్యాహ్నం ప్రార్థన గంట కొట్టేలోగా ఈ మనిషిని తల్లిగా తయారుచెయ్యాలి. కింద చీకటి కొట్లో ఉన్న ఖైదీని చూపించి, "వీడు నా కొడుకు" అని రోచెస్టర్ ఊరంతటి ముందూ ఆమె చేత అనిపించాలి. అక్కడ ఒక్క మాట తడబడినా రాజుగారి సింహాసనం ఊగిపోతుంది.

ఆ ఖైదీకి ఇరవై మూడేళ్ళుంటాయి. వారం కిందట మూడు ఓడలతో కెంట్ తీరంలో దిగి, పాత రాజుగారి కొడుకుల్లో, చిన్నప్పుడే లండన్ కోటలో మాయమైన చిన్నవాడు తనేనని చాటాడు. ఓడలు పట్టుబడ్డాయి గానీ ఆ మాట పట్టుబడలేదు, సంతల్లో సత్రాల్లో పాకిపోయింది. పాత రాజవంశం గుర్తు తెల్లగులాబీ. దాన్ని చొక్కాల లోపల కుట్టుకుని ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఎవరికీ తెలియదు. ఇప్పటి రాజుగారు యుద్ధంలో కిరీటం గెలుచుకున్నవారు. గెలిచింది పోగొట్టుకోవడం ఎంతసేపు?

అందుకే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాడు పడవవాడి కొడుకని జనం నమ్మితే బతకనిస్తారు. అంతఃపుర వంటశాలలో మాంసం కాల్చే చువ్వ తిప్పుకుంటూ బతుకుతాడు. నమ్మకపోతే రాకుమారుణ్ణి ప్రాణాలతో ఉంచడం ఏ రాజు వల్లా కాదు.

థర్లో గుండెలో ముల్లు వేరే ఉంది. కుర్రతనంలో అతను పాత రాజుగారి గుర్రం కళ్ళెం పట్టినవాడు. ఖైదీని చూసిన మొదటి రోజే అతనికి పాత రాజుగారు గుర్తొచ్చారు. అదే మెడ, అదే చూపు. న్యాయమూర్తి ముందు కూడా ఆ కుర్రాడు టోపీ తియ్యలేదు. లాటిన్ ప్రార్థనలు తడుముకోకుండా చదివాడు. "నన్ను నా పేరుతోనే చావనివ్వండి," అని తప్ప ఇంకేమీ అడగలేదు. తను రాస్తున్నది అబద్ధమని, నిజమైన రాకుమారుణ్ణి మట్టి కరిపిస్తున్నానని థర్లోకి అనుమానమే లేదు.

ఆ పాపం కొంతైనా కడుక్కుందామని పొద్దున తన ఫలహారంలోని తెల్లరొట్టె తనే తీసుకెళ్ళాడు. ఖైదీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు, తల కూడా తిప్పలేదు. మొహం చెల్లక థర్లో దాన్ని బల్ల మీద పడేశాడు. అది బోర్లా పడింది. సరిచెయ్యడానికి కూడా నిలవలేక బయటికొచ్చి తాళం వేసుకున్నాడు.

ఇక ఈమె పేరు ఇడొనీ, పడవవాడి విధవ. తల్లి వేషానికి మనిషి కావాలని జైలరు భార్య రేవుల వెంట కబురు పెడితే, మూడో రోజున తనంతట తానే కోట గుమ్మం ముందు నిలబడింది. కూలి ఎంతని అడగలేదు. అంతా అయ్యాక కుర్రాణ్ణి ఉరి తియ్యరు కదా అని మాత్రం రెండుసార్లు అడిగింది. ఆడవాళ్ళ జాలి అనుకున్నాడు థర్లో.

"వాడికి గిల్బర్ట్ అని పేరు రాశాను. గుర్తుంటుందా?"

"హామో అని రాయండి. నా నోటికి అలవాటైన పేరు."

థర్లో కొట్టేసి మార్చాడు.

"ఇంకోటి కూడా రాయండి దొరా. మా పడవోళ్ళ ఇళ్ళల్లో రొట్టె బోర్లా పెట్టనివ్వం. పెడితే నీళ్ళ మీదున్న పడవ బోల్తా పడుద్ది. ఎవరింట్లో కనపడినా సరే, మా చెయ్యి ఊరుకోదు, తిప్పేస్తాం."

"రొట్టెముక్కల సంగతి జనానికెందుకు?" అన్నాడు థర్లో. ఆ మాట రాయలేదు.

గంట కొట్టింది. కోట మెట్ల కింద ఊరంతా కిక్కిరిసింది. ఖైదీని తెచ్చి నిలబెట్టారు. థర్లో నేర్పిన మాటలన్నీ ఇడొనీ అప్పచెప్పినట్టు చెప్పింది, పుట్టిన రేవు, తండ్రి పేరు, ఎడమచేత్తో తెడ్డు పట్టే అలవాటు. 'కన్నీళ్ళతో' అని థర్లో రాసిన చోట ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. జనంలో గొణుగుడు మొదలైంది.

అప్పుడామె ఖైదీ దగ్గరికి వెళ్ళి, నలిగిన మెడపట్టీ సరిచేసింది.

"ఇంక చాలు హామో. ఇంటికి పోదాం పద నాయనా."

అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. తర్వాత, ఎవరి ముందూ తియ్యని టోపీ తీశాడు.

"నిజమే. నేను పడవవాడి కొడుకుని."

ఎవరో చేపల వాసనగల మహారాజని అరిచారు. నవ్వు ఊరంతా పాకింది. తెల్లగులాబీలు చొక్కాల కిందే ఇళ్ళకు తిరిగిపోయాయి. ఖైదీని లండన్ బండి ఎక్కించారు.

"నువ్వన్న ఆ చివరి మాట నేను రాయలేదే," అన్నాడు థర్లో.

"మీ కాగితంలో చోటు చాల్లేదేమో దొరా." ఆమె బండి పోయిన దారినే చూస్తోంది. "ఆ వంటశాలలో చలికాలం వెచ్చగా ఉంటదా?"

ఉంటుందన్నాడు. ఆమె తలూపి రేవువైపు నడిచింది.

సింహాసనం నిలబడింది, తనొక రాకుమారుణ్ణి పడవవాణ్ణి చేశాడు. మోకరిల్లి క్షమాపణ అడగాలనిపించి థర్లో ఒంటరిగా కొట్టులోకి దిగాడు. ఖైదీని గుమ్మం బయటే భటులకి అప్పగించి తాళం వేసిందీ తనే, తాళంచెవి పొద్దుటినుంచీ తన నడుముకే ఉంది. లోపల అంతా పొద్దున ఉన్నట్టే ఉంది. బల్ల మీది రొట్టెలో ఒక్క ముక్క కూడా తుంచలేదు.

రొట్టె బోర్లా లేదు.